కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళినావిడ

ఆడవాళ్ళ మనసు చదివిన రచయిత అని ఒక సభలో నన్ను పరిచయం చేశారు. మా ఆవిడ ముందు వరసలో ఉంది. ఆ మాట చెవిన పడగానే కొంగు నోట్లో కుక్కుకుంది. వెనక వరసల వాళ్ళు ఆవిడ భుజాలు కదలడం చూసి, పాపం ఆనందం పట్టలేక ఏడుస్తోంది కాబోలనుకుని చప్పట్లు కొట్టారు. నేనింకా నోరు తెరవలేదు. నా జన్మలో పడ్డ చప్పట్లలో సగం ఇలా పొరపాటున పడ్డవే.

సభ అయిపోయాక, కొత్తగా కథలు రాస్తున్న పిల్లలు నా చుట్టూ చేరారు. స్త్రీ పాత్రలను నిండుగా రాయడం ఎలా సార్ అని అడిగారు.

"మగ పాత్రలను నిండుగా రాయడం ఎలా అని అడగరేం?" అన్నాను.

"అవి వాటంతట అవే వస్తాయి కదా సార్," అన్నాడొకడు.

పక్కనున్న అమ్మాయి నవ్వింది. ఆ నవ్వుకు నేనేం చేర్చాల్సింది లేదు గనక ఇంటికొచ్చేశాను. కానీ పిల్లలు నిజంగానే అడిగారు. అందుకని కూర్చుని ఇది రాస్తున్నాను. బిరుదులు, సన్మానాలు, ఏ పత్రికలో ఏది అచ్చయిందీ, ఇవేవీ చెప్పను. వాటివల్ల ఎవరికీ రాయడం రాదు. నాకే రాలేదు. నాకు వచ్చిన కాస్తా నాటకాల్లో వచ్చింది. అది కూడా ఆలస్యంగా, తిట్లు తిని వచ్చింది.

రైటరు

ఎనిమిదో తరగతిలో మా లెక్కల మాస్టారూ నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. నేను బడికి వెళ్ళను, ఆయన నన్ను కొట్టరు. ఇద్దరమూ మాట నిలబెట్టుకున్నాం. కావలిలో ఒక సోడాల షాపులో చేరాను. నా చేతిరాత బాగుంటుందని, అప్పులవాళ్ళ పేర్లు గోడ మీద నాచేతే రాయించేవాడు షాపతను. ఆ గోడ చూసి నన్ను పిలిపించారు పెంచలరెడ్డి గారు. ఆయనకో రైసు మిల్లు, ఒక నాటక సమాజం ఉండేవి. మిల్లు వడ్లను మింగితే, సమాజం మిల్లును మింగేది.

ఆయన నాకిచ్చిన పని పోర్షన్లు రాయడం. నాటకం మొత్తం ప్రతి నటుడికీ ఇవ్వరు. ఎవరి మాటలు వాళ్ళకే విడిగా రాసిస్తారు. అవతలివాడి మాటల్లో చివరి రెండు మూడు ముక్కలు మాత్రం పైన వేస్తారు. అవి వినబడగానే మనవాడు అందుకోవాలి. అంతకుమించి అవతలివాడు ఏమన్నాడో మనవాడికి అనవసరం. యాభైల చివర్లో మా వైపు సమాజాలన్నీ ఇలాగే నడిచేవి.

రాస్తూ రాస్తూ అక్కడక్కడా ఒక జోకు కలిపేవాణ్ణి. జనం ఆ జోకులకే నవ్వుతున్నారని పెంచలరెడ్డి గారు కనిపెట్టి, "ఏమయ్యా, నువ్వే ఒకటి రాయకూడదా?" అన్నారు. ఆ రోజు నుంచి ఊళ్ళో నా పేరు రైటరు. పోలీసు స్టేషన్లో కూడా ఒక రైటరు ఉండేవాడు. ఆయనకీ నాకూ తేడా ఒకటే. ఆయన రాసింది ఎవరో ఒకరు నమ్మేవాళ్ళు.

మస్తాన్ గొంతు ఎంతో హీరోయిన్ అంత

మొదట్లో మాకు ఆడవేషాలన్నీ మస్తాన్ భాయ్ వేసేవాడు. ట్రంకు రోడ్డు మీద దర్జీ ఆయన. జాకెట్టు కొలతలు తీసుకుని తీసుకుని, ఆడవాళ్ళు చెయ్యి ఎలా ఎత్తుతారో, మెడ ఎలా తిప్పుతారో కళ్ళలో పెట్టుకున్నాడు. చీర కట్టి నాలుగడుగులు వేస్తే, ముందు వరసలో పెద్దమనుషులు సర్దుకుని కూర్చునేవాళ్ళు.

చిక్కల్లా గొంతుతోనే. మూడు ముక్కలు సన్నగా పలికేవాడు. నాలుగో ముక్కకు లోపలి మస్తాన్ బయటికొచ్చేవాడు. అందుకని మా హీరోయిన్ పొడుగు వాక్యం మాట్లాడేది కాదు. "ఏమండీ", "అయ్యో", "నా రాత" అనేసి ఏడ్చేది. ఏడుపులో గొంతు జీరపోయినా ఎవరూ అనుమానించరు. ఇంకో సంగతి, మధ్యాహ్నం గీసుకున్న గడ్డం సాయంత్రానికి పచ్చగా కనబడుతుంది. పెట్రోమాక్స్ వెలుగులో అది దాగదు. అందుకని హీరోయిన్ ఎప్పుడూ స్టేజీ మూలలో, తల వంచుకుని, సగం మొహం కొంగుతో కప్పుకుని ఉండేది. జనం దాన్ని అణకువ అనేవారు.

ఇందులో విచిత్రం లేదు. ఉన్న నటుడికి తగ్గట్టు రాసుకున్నాం. విచిత్రమేమిటంటే, తర్వాత నిజమైన ఆడవాళ్ళు నటించడానికి వచ్చారు. గొంతులున్నాయి, గడ్డాల్లేవు. అయినా నా హీరోయిన్ మూలలోనే నిలబడి ఏడుస్తోంది. మస్తాన్ గడ్డం గీసుకోవడం మానేసి మేకప్ మనిషిగా మారిపోయాడు గానీ, ఆ గడ్డం మాత్రం నా రాతలో అలాగే ఉండిపోయింది. మీ కథల్లో ఆడవాళ్ళు తల వంచుకుని ఉంటే, అది ఎవరి గడ్డం దాచడానికో ఒకసారి చూసుకోండి.

పాసింజరులో పట్టే హీరోయిన్

నెల్లూరు నుంచి రమణమ్మ వచ్చేది. మా వైపు సమాజాలకు ఆమే హీరోయిన్. నెలలో సగం రోజులు ఏదో ఒక ఊళ్ళో నాటకం. ఒకచోట సీత, ఇంకోచోట తాగుబోతు పెళ్ళాం, మరోచోట కాలేజీ పిల్ల. పోర్షను బస్సు డ్రైవరు చేత పంపేవాళ్ళం. నాటకం రోజున పాసింజరు రైలెక్కి దారిలోనే పాఠం పట్టేది. పడుగుపాడు దాటేసరికి మొదటి సీను, బిట్రగుంట వచ్చేసరికి కడపటి సీను. కావలిలో దిగేసరికి తయారు.

నాకదో గర్వం. నా నాటకాల్లో హీరోయిన్ పోర్షను బిట్రగుంట దాకా కూడా పట్టదని సమాజాలవాళ్ళు చెప్పుకునేవారు. డబ్బిచ్చి పిలిపించే కాంట్రాక్టు నటితో రిహార్సల్సు అక్కర్లేదంటే ఎవరికి చేదు? నాకు గిరాకీ పెరిగింది. బోగోలు, వెంకటాచలం, ఎక్కడ చూసినా నా నాటకాలే.

వాటిని తేలిగ్గా ఉంచే కిటుకు ఏమిటంటే, మగవాళ్ళు అసలు విషయం మాట్లాడుకునే ముందు ఎవరో ఒకరు "కాస్త కాఫీ పెట్టు" అనాలి. ఆవిడ లోపలికి పోతుంది. ఇక్కడ ఆస్తులు పంచుకుంటారు, పెళ్ళిళ్ళు చెడగొట్టుకుంటారు, దేశాన్ని బాగుచేస్తారు. అంతా తేలాక ఆవిడ గ్లాసులతో వచ్చి ఏడుస్తుంది. నా నాటకాల్లో తాగినంత కాఫీ నెల్లూరు జిల్లా హోటళ్ళలో తాగి ఉండరు.

దగ్గే తల్లి

ఒకసారి రమణమ్మ నాటకం లేని రోజున కావలికి వచ్చింది. మస్తాన్ దుకాణంలో కూర్చున్నాం. నా ముందు కూర్చుని, కుట్టుమిషను చక్రం మీద వేలుపెట్టి తిప్పుతూ చెప్పింది.

"అన్నా, రెడ్డి గారు ఈసారి నన్ను తల్లి వేషానికి అడిగినారు."

"మంచిదే కదా. ఏడుపు తక్కువ."

"నీ నాటకాల్లో తల్లి ఏం చేస్తుందో నీకు గ్యాపకం ఉందా? మొదటి సీన్లో దగ్గుతుంది. రెండో సీన్లో సస్తుంది. ఒక్కసారి కావలి స్టేజీ మీద దగ్గినానంటే, నెల్లూరు దాకా తెలిసిపోతుంది. మళ్ళీ ఏ సమాజమూ నన్ను హీరోయినుకు పిలవదు. తల్లి వేషాలకు ముందే ఇద్దరు ముసలోళ్ళు ఉండారు. నేను పోయి మా అన్న ఇంట్లో మా వదిన కింద అంట్లు తోముకోవాల్సిందే."

"మీ అన్న మంచోడన్నావు కదా."

"మా అన్న మంచోడే. తోమేది వాళ్ళ గిన్నెలు కదా, మంచోడుగానే ఉంటాడు."

మస్తాన్ దారం కొరుకుతూ, "నాకు గడ్డం అడ్డమొచ్చింది. నీకు వయసు అడ్డమొచ్చింది. స్టేజీకి ఏదో ఒకటి కావాల తల్లీ," అన్నాడు.

రమణమ్మ ఆయన్ని పట్టించుకోలేదు. "పెళ్ళికూతురు కాకుండా, దగ్గకుండా, మధ్యలో ఒక ఆడమనిషి ఉంటుంది కదన్నా. ఉప్పూ కారం తినే మనిషి. అట్టాంటిది ఒకటి రాయి. అది వేసినానంటే ఇంకో పదేళ్ళు నిలబడతా."

నేను ఏదో జోకు వేయబోయాను. ఆమె మొహం చూసి మింగేశాను. నేను మింగిన జోకులు తక్కువ. అందుకే అది గుర్తుంది.

ముందు దేవత, తర్వాత మీసం

రమణమ్మ కోసం మొదలుపెట్టిన నాటకంలో మాగాణి చేయించుకునే విధవరాలు కామాక్షమ్మ. ఎదిగిన కొడుకున్నాడు. మరిది ఆ కొడుకును వలలో వేసుకుని, పొలం తన పేర రాయించుకోవాలని చూస్తున్నాడు. ఇదీ కథ. మరిది వేషం పెంచలరెడ్డి గారిదే. ఆయన సమాజం, ఆయన మిల్లు, ఇంకెవరు వేస్తారు?

మొదటిసారి రాసినప్పుడు కామాక్షమ్మను దేవతను చేశాను. ఎన్ని తిట్టినా చిరునవ్వు. అన్నం ముందు అందరికీ పెడుతుంది, తాను తిన్నట్టు ఎక్కడా లేదు. మాట్లాడితే సూక్తులు. రాస్తున్నప్పుడు నా కళ్ళే చెమర్చాయి. రమణమ్మ చదివి, "ఏందన్నా, ఈమెకు ఆకలి కాదా?" అంది. "ఒక్కసారైనా ఎవరిమీదైనా కుళ్ళుకోదా? ఈమెను తీసుకుపోయి గూట్లో పెట్టి దీపం వెలిగించు. నాకొద్దు."

ఆడదాన్ని మూలలోనుంచి తీసి పూజగదిలో పెట్టానన్నమాట. రెండూ మూలలే.

సరే, రెండోసారి ఇంకో వైపు పోయాను. కామాక్షమ్మ చేతికి ఎద్దుల్ని తోలే ములుగర్ర ఇచ్చాను. రచ్చబండ మీద నిలబడి పేజీలకు పేజీలు ఉపన్యాసం. తొడగొట్టడం ఒక్కటే తక్కువ. చదివి వినిపిస్తుంటే మస్తాన్ మిషను ఆపేశాడు. కళ్ళలో ఎప్పుడో పోయిన మెరుపొకటి వచ్చింది.

"అబ్బయ్యా, దీన్ని నాకియ్యి. ఇది నా వేషం."

"ఎట్టా?"

"ఇది చీర కట్టుకున్న మగోడు కదా. నాకంటే బాగా ఎవురు వేస్తారు?"

రమణమ్మ నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. నాకు నవ్వు రాలేదు. అలిసిపోయాను. ఇంటికి పోయి రెండు ప్రతులూ పొయ్యి రాజెయ్యడానికి ఇచ్చేశాను. పిల్లలూ, ఇప్పటికీ మీలో చాలామంది ఈ రెండింటి మధ్యే తిరుగుతున్నారు. ఏడ్చేదాన్ని వద్దనుకుని, మొక్కే దేవతనో, అరిచే మగవాణ్ణో రాస్తున్నారు. ముగ్గురిలో ఎవరికీ ఆకలి కాదు, నడుము నొప్పి రాదు, పక్కింటావిడ కొత్త చీర చూసి మనసు చివుక్కుమనదు.

గోడ

మూడోసారి మళ్ళీ పాత అలవాటుకే వచ్చాను. మరిది వస్తాడు, "కాఫీ పెట్టు వదినా" అంటాడు, కామాక్షమ్మ లోపలికి పోతుంది. ఈసారి రమణమ్మ ఒకే ప్రశ్న వేసింది.

"లోపలికి పోయింది కదా. లోపల ఏం చేస్తా ఉంటుంది?"

"కాఫీ కలుపుతుంది."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? తెస్తుంది."

"కట్టెపొయ్యి మీద నీళ్ళు మరిగేదాకా చెవులు మూసుకుని కూర్చుంటుందా?"

మా ఇల్లు పెంకుటిల్లు. మా వైపు పెంకుటిళ్ళలో మధ్య గోడ పైకప్పు దాకా లేవదు. దూలం కిందే ఆగిపోతుంది. వసారాలో తుమ్మితే వంటింట్లో చిరంజీవ అంటారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అలాంటి ఇంట్లోనే ఉన్నాను. మా అమ్మ, మా ఆవిడ వంటింట్లోనుంచి వసారా మాటలకు జవాబులు చెప్పడం రోజూ విన్నాను. కానీ కాగితం మీద మాత్రం వంటిల్లు కట్టినప్పుడల్లా గోడను ఆకాశం దాకా లేపేశాను.

గోడ దించగానే కామాక్షమ్మ మనిషైంది. ఇంకేమీ చెయ్యలేదు నేను. పొయ్యి దగ్గర కూర్చుని అన్నీ వింటుంది. వింటున్నట్టు తెలియనివ్వదు. కొడుకు పిరికివాడని తెలుసు, అయినా వాడికే ఎక్కువ పంచదార వేస్తుంది. పాలేరుకు గింజలు కొలిచేటప్పుడు పిసినారి. మడవ తీసి చేలకు నీళ్ళు వదిలే పెత్తనమంటే ఇష్టం. పొలం పోతే తిండి పోతుందని కాదు ఆమె బాధ, ఆ పెత్తనం పోతుందని. మంచిదేమీ కాదు. కానీ ఆమె ఎప్పుడు ఏమంటుందో నాకు వినబడటం మొదలైంది.

ఆ తర్వాత ఎన్ని కథలు రాసినా ఇదే పని చేశాను. కథలో ఏ ఆడమనిషి గుమ్మం దాటి లోపలికి పోయినా, లోపల ఏం చేసిందో ఒక పేజీ రాసుకుంటాను. తర్వాత చింపేస్తాను. ఆ పేజీ కథలోకి రాదు. కానీ అది రాయకపోతే ఆవిడ తిరిగి వచ్చేటప్పుడు చేతిలో కాఫీ ఒక్కటే ఉంటుంది.

పోర్షను

చివరి సీను దగ్గర పెంచలరెడ్డి గారు పట్టుబట్టారు. కామాక్షమ్మ మరిదిని క్షమించాలి, తెర పడాలి.

"ఏమయ్యా రైటరూ, కుటుంబం కలిసిపోతేనే జనం నిమ్మళంగా ఇంటికి పోతారు. వదిన ఎదురు తిరిగితే మా ఇంట్లోనే నన్ను నిలదీస్తారు."

దానికి ముందు నేనొక ముక్క రాశాను. ఆవిడ కాఫీకి లోపలికి పోయాక, మరిది కొడుకుతో గుసగుసలాడతాడు. "ఇప్పుడు కాళ్ళు పట్టుకుని క్షమించమంటా. కరిగిపోతుంది. కోతలు అయిపోనియ్యి, పొలం సంగతి అప్పుడు అడుగుదాం." అది విన్న మనిషి క్షమించదు కాబట్టి, క్షమాపణ ఉండాలంటే ఈ గుసగుస తీసెయ్యాలి. తీసేద్దామా అన్నాను.

"ఆ ముక్క యాడికీ పోదు," అన్నారు. "అది నేను చెప్తే హాలంతా నవ్వుతుంది."

ఆయన మంచి ముక్క ఆయనకుండాలి, కుటుంబమూ కలవాలి. రెండూ అలాగే ఉంచేశాను. వాదించే ఓపిక లేదు.

పోర్షను నెల్లూరు పోయింది. రెండో రోజే రమణమ్మ కావలిలో దిగింది.

"అన్నా, కడపటి సీన్లో 'అప్పుడు అడుగుదాం' అనంగానే నేను రావాలని ఉండాది. ఏమడుగుదామని? ఎప్పుడు? ఎవురు?"

ఆమె పోర్షన్లో ఆమె మాటలే ఉన్నాయి. గోడవతల మాటలన్నీ వినే మనిషిని రాసి, ఆ మాటలు ఒక్కటి కూడా లేని కాగితం ఆమెకు పంపాను. మొత్తం నాటకం ఇమ్మంది. పెంచలరెడ్డి గారు ససేమిరా అన్నారు. కాంట్రాక్టు నటి పది సమాజాలకు పోతుంది, నాటకం నెల్లూరు చేరిందంటే మనకంటే ముందు ఇంకెవరో ఆడేస్తారని ఆయన భయం. అబద్ధం కాదు, అలా జరిగిన సందర్భాలున్నాయి. ఆయన్ను చెడ్డవాడనను. నటులకు భోజనం పెట్టి తర్వాత తాను తినేవారు. ఆడవాళ్ళు వింటారన్న సంగతి మాత్రం నాలాగే ఆయనకూ తట్టలేదు.

చివరికి ఒక రాజీ కుదిరింది. ఆమె ముందుగానే వచ్చి మస్తాన్ ఇంట్లో ఉండాలి, రిహార్సల్సు జరుగుతుంటే స్టేజీ పక్కన తెర చాటున, వింగులో కూర్చోవాలి.

"వింటే వినమను," అన్నారు పెంచలరెడ్డి గారు. "చెవులకు పన్నా?"

చాపిన చెయ్యి

రిహార్సల్సులో ఆమె బుద్ధిగా రెండు గ్లాసులూ ఇద్దరికీ అందించింది. "క్షమించాను మరిదీ. ఇంక నాకు మీరే దిక్కు" అని కంట తడిపెట్టింది. పెంచలరెడ్డి గారు తృప్తిగా తలాడించారు. నేను మాత్రం ఆమె సంగతే ఆలోచిస్తున్నాను. ఈ వేషం పండకపోతే ఆమెకు మిగిలేది దగ్గే.

ప్రదర్శన రోజున నేను మరిచిపోయినవాళ్ళకు మాటలందించే ప్రాంప్టింగు చేస్తూ వింగులో ఉన్నాను. చివరి సీనులో "కాఫీ పెట్టు వదినా" అన్నారు పెంచలరెడ్డి గారు. రమణమ్మ నా పక్కకు వచ్చింది. మా స్టేజీ మీద గ్లాసుల్లో మామూలుగా ఏమీ ఉండదు. ఆ రోజు మస్తాన్ నిజమైన కాఫీ పోసి పట్టుకున్నాడు. పొగ వస్తోంది.

అక్కడ పెంచలరెడ్డి గారు గుసగుస మొదలుపెట్టారు. హాలు గొల్లుమంది. నా పక్కన రమణమ్మ వింటోంది. ముందు ఆమె పెదవి వంకర తిరిగింది, నవ్వినట్టు. కొడుకు "సరే చిన్నాయనా" అన్నాడు. ఆ మాటకు మాత్రం ఆమె కళ్ళు మూసుకుంది. నేను ఎన్నడూ రాయని సీను నా మోచేతి పక్కనే జరిగింది. చూసినవాళ్ళం మస్తానూ నేనూ.

"అప్పుడు అడుగుదాం."

రమణమ్మ వెళ్ళింది. కొడుక్కు గ్లాసు ఇచ్చింది. పెంచలరెడ్డి గారు కుర్చీలో కూర్చునే, "వదినా, తప్పయిపోయింది. క్షమించు," అంటూ రెండో గ్లాసు కోసం చెయ్యి చాపారు.

ఆమె ఇవ్వలేదు. ఆయన చేతి వైపు చూసింది. గ్లాసెత్తి ఊదుకుని, ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. నిమ్మళంగా, పొద్దున్నుంచి పొలంలో తిరిగి వచ్చిన మనిషి తాగినట్టు తాగింది. పెంచలరెడ్డి గారి చెయ్యి గాలిలోనే ఉంది. ఆయనకు మాట లేదు, ఎందుకంటే తర్వాతి మాట ఆమెది. నేను ప్రాంప్టు చెయ్యబోయాను. మస్తాన్ నా నోరు మూశాడు.

ఖాళీ గ్లాసు తెచ్చి ఆ చాచిన చేతిలో పెట్టింది.

"క్షమించాను మరిదీ. ఇంక నాకు మీరే దిక్కు."

చప్పట్లు ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి మొదలయ్యాయి. ఈలలు మగవాళ్ళ వైపు నుంచి వచ్చాయి. తెర లాగేవాడు కూడా చప్పట్లు కొడుతూ తాడు సంగతి మరిచిపోయాడు.

మేకప్ గదిలో

"నా చెయ్యి ఎంతసేపు గాల్లో ఉండిందో తెలుసునా?" పెంచలరెడ్డి గారు పెట్టుడు మీసం ఊడదీసి నేలకు కొట్టారు. "ఊరంతా చూసినారు!"

"నా పోర్షన్లో ఉండేదంతా చెప్పినాను రెడ్డి గారూ," అంది రమణమ్మ. "ఒక్క మాట ఇడిసిపెట్టలా."

"కాఫీ ఇయ్యాలని లేదా?"

"కాఫీతో రావాలని ఉండాది. ఎవురికియ్యాలో లేదు."

ఆయన నా వైపు తిరిగారు. నిజమే, లేదు. ఎవరికివ్వాలో రాయాల్సిన పని ఉంటుందని నాకు తోచలేదు. కాఫీ మగవాళ్ళదే కదా.

"ఈమెను ఇంకోసారి పిలిస్తే చూడు," అనేసి వెళ్ళిపోయారు. రమణమ్మ మొహానికి నూనె రాసుకుని రంగు తుడుచుకుంటోంది. "అన్న ఇంటికి కబురు పెట్టాల్సిందేనేమో," అంది అద్దంతో. మస్తాన్ ఆమె చీర మడత పెట్టాడు.

మర్నాడు పొద్దున బోగోలు నుంచి ఉత్సవ కమిటీవాళ్ళు మిల్లుకొచ్చారు. నేను అక్కడే ఉన్నాను.

"రెడ్డి గారూ, ఆ చెయ్యి చాపి బిక్కమొగం పెట్టినారే! అబ్బా, ఏం నటన! అట్టాంటిది సినిమాల్లో కూడా చూళ్ళేదు. మా ఊళ్ళో అదే కావాల."

పెంచలరెడ్డి గారు కాసేపు వడ్ల బస్తాల వంక చూశారు. "అది అనుకోకుండా వచ్చేది కాదబ్బా," అన్నారు చివరికి. "సాధన చెయ్యాల." వాళ్ళు పోయాక నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, "ఆ రమణమ్మకు కబురు పెట్టు. కాఫీ ఇంకొంచెం నిదానంగా తాగమను," అన్నారు.

మిగిలింది

దీన్నిబట్టి మనుషులు మారతారని నేను చెప్పబోవడం లేదు. పెంచలరెడ్డి గారు మారలేదు. తన చెయ్యి బాగుందని నమ్మారు, రమణమ్మకు పని మిగిలింది. నా వృత్తిలో చూసిన మంచి చాలావరకు ఇలాగే, పక్క గుమ్మంలోంచి వచ్చింది.

ఆ నాటకం ఆమెను చాలాకాలం నిలబెట్టింది. వెంకటాచలం, నెల్లూరు, ఇంకా దక్షిణాన అరవ ఊళ్ళ అంచు దాకా ఆ కాఫీ తాగింది. ఇతర రైటర్లు ఊరుకుంటారా? ఏడాది తిరిగేసరికి ప్రతి నాటకంలోనూ ఒకావిడ ఎవరి కాఫీనో లాక్కుని తాగేస్తోంది. ఒకాయన మజ్జిగ పెట్టాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ గ్లాసును కాపీ కొట్టారు గానీ, ఆవిడ లోపల ఏం విందో ఒక్కడూ రాయలేదు. నేను కూడా తర్వాత రాసిన నాటకాల్లో ఆ పని మళ్ళీ చెయ్యలేకపోయాను. గడువులుంటాయి, గిరాకీ ఉంటుంది, ఒళ్ళు అలిసిపోతుంది, గోడ మళ్ళీ పైకి లేస్తుంది. ప్రతిసారీ దాన్ని దించాలి. ఒకసారి దించితే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

సినిమా హాళ్ళు పెరిగి సమాజాలు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, కావలి స్టేషన్లో రమణమ్మా నేనూ పాసింజరు కోసం బెంచీ మీద కూర్చున్నాం. జుట్టు నెరిసింది ఇద్దరికీ. ఆమె రంగు వేస్తోంది, నేను వెయ్యడం లేదు. ఆటపట్టించకుండా ఉండలేక అన్నాను, "ఇంకెన్నాళ్ళు వేస్తావు రమణమ్మా ఈ వేషం? ఇది కూడా అయిపోతే ఏం చేస్తావు?"

"నీ వేషం వేస్తాలే అన్నా," అంది, బండి వచ్చే వైపు చూస్తూ. "దానికి పోర్షను గూడా అక్కర్లే. కుర్చీలో కూర్చుని, అన్నీ తెలిసినట్టు తల ఆడిస్తా ఉంటే సరిపోతుంది."